బీబాప్ రికార్డులు: ప్రజల సంగీతమా, పండితుల సంగీతమా?

ప్రజలకు వెంటనే అర్థం కాని కళను ప్రజల కళ అనవచ్చునా? అభ్యుదయ సాహిత్య విమర్శలో ఈ ప్రశ్న చాలాసార్లు తలెత్తింది. ప్రతిసారీ మనం దానిని కవిత్వానికి సంబంధించిన ప్రశ్నగానే చర్చించాం. మాటలున్న చోట చర్చ కొంత సులభం. ఈ మాట కూలివాడికి తెలుస్తుందా తెలియదా అని అడిగి తేల్చుకోవచ్చు. మాటలు లేని కళలో ఆ సౌకర్యం లేదు. అందుచేత సంగీతాన్ని తీసుకుని పరీక్షించినట్లయితే, మన ప్రమాణాలలో ఎంత గట్టిదనం వున్నదో, ఎంత వట్టి అలవాటు వున్నదో బయటపడుతుంది. ఇందుకు 1940ల మొదటి సగంలో న్యూయార్క్‌లో రూపొందిన బీబాప్ అనే జాజ్ పద్ధతి, దాని తొలి గ్రామఫోన్ రికార్డులు మంచి ఉదాహరణ.

బీబాప్ విషయంలో మొదటినుంచీ వామపక్షంలో ఏకాభిప్రాయం లేదు. జాజ్‌ను నల్లజాతి శ్రామికుల జానపద సంగీతంగా ప్రేమించిన వారిలో చాలామంది న్యూ ఆర్లియన్స్ పాత పద్ధతే అసలైనదనీ, బీబాప్ ఆ మూలాన్ని వదిలిపెట్టి పండితుల వ్యాయామంగా మారిందనీ అన్నారు. సోవియట్ యూనియన్‌లో 1940ల చివర జాజ్‌నే మొత్తంగా బూర్జువా క్షీణసంస్కృతి కింద జమకట్టి అణచిపెట్టారు. దీనికి భిన్నంగా అమెరికన్ మార్క్సిస్టు విమర్శకుడు సిడ్నీ ఫింకెల్‌స్టీన్ 1948లో ప్రచురించిన "జాజ్: ఎ పీపుల్స్ మ్యూజిక్" అనే గ్రంథంలో బీబాప్‌ను కూడా ప్రజాసంగీత చరిత్రలో భాగంగానే చర్చించాడు. చరిత్రకారుడు ఎరిక్ హాబ్స్‌బామ్ ఫ్రాన్సిస్ న్యూటన్ అనే మారుపేరుతో 1959లో "ది జాజ్ సీన్" రాశాడు. 1963లో లీరోయ్ జోన్స్, అనగా తరువాతి అమీరీ బరాకా, "బ్లూస్ పీపుల్" రాశాడు. మరొక కొసన, బీబాప్ అంటే ధ్వని రూపంలో తిరుగుబాటు అని ఒక్క మాటలో తేల్చేవారూ బయలుదేరారు. నిందించేవారు సంగీతం వినకుండా తీర్పు చెబుతున్నారు. పొగిడేవారు వినవలసిన అవసరమే లేకుండా చేస్తున్నారు. మనం ముందు ఆ రికార్డులు ఏ పరిస్థితులలో తయారైనాయో చూసి, తరువాత వాటిని విని, ఆ తరువాత మాట్లాడుదాం.

1930లలో అమెరికాలో స్వింగ్ అనే నృత్య సంగీతం పెద్ద వ్యాపారంగా ఎదిగింది. దానిని రూపొందించిన వారిలో అత్యధికులు నల్లజాతి కళాకారులు. లాభాలలో సింహభాగం మాత్రం తెల్లవారి బృందాలకూ, ఏజెంట్లకూ, నృత్యశాలల యజమానులకూ పోయేది. ఫ్లెచర్ హెండర్సన్ వంటి నల్లజాతి బృందనాయకుడు తన బాణీ కూర్పులను బెన్నీ గుడ్‌మన్‌కు అమ్ముకోవలసి వచ్చింది. ఆ కూర్పులతో గుడ్‌మన్ దేశమంతటా పేరు తెచ్చుకున్నాడు. నల్లజాతి బృందాలు దక్షిణాది రాష్ట్రాలలో పర్యటించేటప్పుడు, ఏ ఊరిలో రాత్రి జనాన్ని ఆడించారో ఆ ఊరిలోనే వారికి హోటలులో గది దొరికేది కాదు. నిపుణులైన శ్రామికులు తమ నైపుణ్యం మీద తమకే అధికారం లేని స్థితిలో వుండటమంటే ఇదే.

ఇటువంటి శ్రామికులు రాత్రి పని ముగించుకుని హార్లెంలో కొన్ని చోట్ల చేరేవారు. వాటిలో ముఖ్యమైనది పశ్చిమ 118వ వీధిలోని మింటన్స్ ప్లేహౌస్. దాని స్థాపకుడు హెన్రీ మింటన్ న్యూయార్క్ సంగీతకారుల యూనియన్‌లో మొట్టమొదటి నల్లజాతి ప్రతినిధి. జీతం లేకుండా వాయించే సభ్యులకు యూనియన్ జరిమానా వేసేది. మింటన్ పలుకుబడి వల్ల అక్కడ ఆ బెడద తగ్గింది. పియానో మీద థెలోనియస్ మంక్, డ్రమ్స్ మీద కెన్నీ క్లార్క్ అక్కడి ఆస్థాన విద్వాంసులు. ట్రంపెట్ వాదకుడు డిజ్జీ గిలెస్పీ, గిటారు వాదకుడు చార్లీ క్రిస్టియన్ అక్కడికి వచ్చేవారు. ఆల్టో సాక్సఫోన్ వాదకుడు చార్లీ పార్కర్ కూడా తరువాత వచ్చి కలిశాడు. 1941లో జెర్రీ న్యూమన్ అనే కొలంబియా విశ్వవిద్యాలయం విద్యార్థి తన వెంట తెచ్చుకున్న యంత్రంతో అక్కడి వాద్యాన్ని డిస్కుల మీద పట్టుకున్నాడు. క్రిస్టియన్ 1942 మార్చిలో ఇరవై అయిదేళ్ల వయసులో క్షయవ్యాధితో మరణించాడు. ఆయన అక్కడ ఏం వాయించాడో ఈనాడు మనకు తెలుస్తున్నదంటే అది ఆ విద్యార్థి చలవే.

ఆ సంవత్సరాల వాతావరణాన్ని కూడా మరువరాదు. ఫాసిజానికి వ్యతిరేకంగా పోరాడుతున్న అమెరికన్ సైన్యంలో నల్లవారికీ తెల్లవారికీ వేర్వేరు దళాలుండేవి. 1943 ఆగస్టులో ఒక పోలీసు ఒక నల్లజాతి సైనికుడిని తుపాకితో కాల్చటంతో హార్లెం భగ్గుమన్నది. గొప్ప పియానో వాదకుడు బడ్ పవెల్ 1945లో ఫిలడెల్ఫియాలో పోలీసు దెబ్బలు తలకు తిన్నాడు. ఆ తరువాత జీవితమంతా తలనొప్పులతో, మానసిక చికిత్సాలయాలతో గడిచింది. లాంగ్‌స్టన్ హ్యూస్ సృష్టించిన సింపుల్ అనే పాత్ర బాప్ అనే మాటకు ఒక వ్యుత్పత్తి చెబుతాడు: అది నల్లవాడి నెత్తిమీద పోలీసు లాఠీ చేసే చప్పుడట. భాషాశాస్త్రజ్ఞులు ఆ వ్యుత్పత్తిని ఒప్పుకోనక్కరలేదు. హార్లెం వీధిలో ఆ సంగీతం ఎలా వినబడిందో దానివల్ల తెలుస్తుంది.

ఇక రికార్డుల సంగతి. 1942 ఆగస్టు 1వ తేదీన అమెరికన్ సంగీతకారుల సమాఖ్య, జేమ్స్ పెట్రిల్లో నాయకత్వాన, రికార్డింగ్ సమ్మె ప్రారంభించింది. రేడియోలలో, హోటళ్లలోని జ్యూక్‌బాక్సులలో రికార్డులు మోగుతుంటే మనుషుల బృందాలకు పని పోతున్నది. కాబట్టి రికార్డు ఒక్కింటికి ఇంత అని సంగీతకారుల నిధికి చెల్లించాలన్నది వారి కోరిక. డెకా కంపెనీ 1943 సెప్టెంబరులో లొంగింది. విక్టర్, కొలంబియా కంపెనీలు 1944 నవంబరు దాకా భీష్మించుకున్నాయి. కోరిక న్యాయమైనదే. అయితే అదే సమాఖ్యలో చాలా నగరాలలో నల్లవారికి వేరే శాఖలుండేవన్న సంగతి కూడా చెప్పుకోవాలి.

సమ్మెతోపాటు మరొక కొరత వచ్చింది. ఆనాటి 78 వేగపు రికార్డులకు ముఖ్యమైన ముడిసరుకు లక్క. దానిని అమెరికాకు పంపే దేశాలలో మన దేశానిదే మొదటి స్థానం. ఛోటా నాగపూర్ అడవులలో ఆదివాసులు చెట్టుకొమ్మల మీదినుంచి గీకి తెచ్చిన లక్కే న్యూయార్క్‌లో జాజ్ రికార్డుగా తిరిగేది. యుద్ధ అవసరాల కోసం అమెరికా ప్రభుత్వం 1942లో రికార్డులకు ఇచ్చే లక్కను బాగా తగ్గించింది. కంపెనీలు పాత రికార్డులను జనం దగ్గరనుంచి సేకరించి కరిగించుకున్నాయి. ఒక రికార్డు వెనుక ఎందరి శ్రమ వుంటుందో, అందులో ఎందరి పేర్లు లేబులు మీదికి ఎక్కవో ఇక్కడ తెలుస్తుంది.

ఈ రెండు కారణాల ఫలితంగా, బీబాప్ పుట్టి నడక నేర్చిన కాలం చాలావరకు రికార్డులకెక్కలేదు. 1943లో ఎర్ల్ హైన్స్ బృందంలో పార్కర్, గిలెస్పీ ఇద్దరూ పక్కపక్కన వాయించారు. ఆ బృందం వాద్యం మనకు మిగలలేదు. 1944 ఫిబ్రవరిలో కోల్‌మన్ హాకిన్స్ నాయకత్వాన అపోలో అనే చిన్న కంపెనీ చేసిన రికార్డింగును సాధారణంగా మొదటి బీబాప్ రికార్డింగుగా చెబుతారు. 1945లో గిల్డ్, సవాయ్, 1946లో డయల్, 1947లో మంక్ కోసం బ్లూ నోట్ వంటి చిన్న కంపెనీలే ఈ సంగీతాన్ని లోకానికి అందించాయి. కొత్త పద్ధతి ఆకాశంనుంచి ఊడిపడినట్లు శ్రోతలకు అనిపించిందంటే, దానికి కారణం కళాకారుల అహంకారం కాదు; మధ్యమెట్లు వినే అవకాశం జనానికి లేకపోవటం. "అర్థం కావటం లేదు" అన్న ఫిర్యాదులో కొంత భాగం ఇలా చరిత్ర కల్పించినది.

ఇప్పుడు ఒక రికార్డును దగ్గరగా విందాం. 1945 నవంబరు 26న సవాయ్ కంపెనీకి పార్కర్ నాయకత్వాన "కోకో" రికార్డు చేశారు. అందులో ట్రంపెట్ గిలెస్పీది, డ్రమ్స్ మాక్స్ రోచ్‌వి, బాస్ కర్లీ రస్సెల్‌ది. పాశ్చాత్య సంగీతంలో ఒకేసారి మోగే స్వరాల గుచ్ఛాన్ని కార్డ్ అంటారు. పాటలో పైన బాణీ నడుస్తుంటే అడుగున కార్డ్‌ల వరస నడుస్తుంది. జాజ్ వాదకుడు పాత బాణీని తీసివేసి, ఆ వరస మీద కొత్త బాణీని అప్పటికప్పుడు కల్పిస్తాడు. మన విద్వాంసుడు స్వరకల్పన చేసేటప్పుడు రాగం స్థిరంగా వుంటుంది. ఇక్కడ కాళ్లకింది నేలే మారుతూ వుంటుంది. "కోకో"కు ఆధారం రే నోబుల్ 1938లో కూర్చిన "చెరొకీ" అనే పాట. 64 బార్లు, అంటే 64 చిన్న తాళఖండాలు, నడిచి ఒక ఆవర్తం పూర్తవుతుంది. మధ్యభాగంలో శ్రుతి వెంటవెంటనే మారుతుంది. వేగం నిమిషానికి సుమారు మూడు వందల దెబ్బలు.

మొదట ట్రంపెట్, సాక్సఫోన్ కలిసి ఒకే గొంతుగా ఎనిమిది బార్లు పలుకుతాయి. తరువాత చెరొక ఎనిమిది బార్లు విడివిడిగా మాట్లాడుతాయి. మళ్లీ కలుసుకుంటాయి. ఈ ఆరంభంలో దాదాపుగా డ్రమ్స్ తప్ప అడుగున ఏ ఆధారమూ లేదు. ఆ వెంటనే పార్కర్ రెండు పూర్తి ఆవర్తాలు, అంటే 128 బార్లు, ఒంటరిగా వాయిస్తాడు. మొదటిసారి విన్నవాడికి ఇది గుక్కతిప్పుకోని స్వరాల వాన. నాలుగైదు సార్లు విన్నవాడికి అందులో వాక్యాలు వినబడతాయి. ఒక పొట్టి వాక్యం, దానికి జవాబుగా ఒక పొడుగు వాక్యం, ఎక్కడ విరుగుతుందనుకుంటామో అక్కడ విరగకుండా తరువాతి దెబ్బ మీదికి దూకటం. ఆ వేగంలో కూడా స్వరాల వంపులో బ్లూస్ పాడే గొంతు ఆనవాలు పోలేదు. పార్కర్ బ్లూస్ గడ్డ కాన్సస్ సిటీలో పెరిగినవాడు. ఆ రికార్డు నిడివి మూడు నిమిషాలకు లోపే, ఎందుకంటే పది అంగుళాల లక్క పళ్లెంలో అంతకన్న ఎక్కువ పట్టదు. మింటన్స్‌లో రాత్రంతా సాగే వాద్యం ఇక్కడ కుదించిన సారంగా మారింది. యంత్రం పెట్టిన హద్దునే వీరు రూపంగా మలుచుకున్నారు.

ఆ రోజు తీసిన మొదటి టేక్ కూడా మిగిలి వున్నది. అందులో ఆరంభం కాగానే వాదకులు "చెరొకీ" అసలు బాణీని ఎత్తుకుంటారు. అంతలోనే చప్పట్లు, కేకలు వినిపిస్తాయి, వాద్యం ఆగిపోతుంది. తెలిసిన బాణీ వాయిస్తే దాని హక్కుదారుకు డబ్బు చెల్లించవలసి వస్తుందన్నది సాధారణంగా చెప్పే కారణం. చట్టం ప్రకారం బాణీకి యజమాని వుంటాడు, కార్డ్‌ల వరసకు వుండడు. అందుచేత పాత వరస మీద కొత్త బాణీ కట్టి కొత్త పేరు పెట్టటం బీబాప్‌లో మామూలైంది. గిలెస్పీ "గ్రూవిన్ హై" కింద 1920 నాటి "విస్పరింగ్" వున్నది. పండితులు దీనిని కళాకారుల చమత్కారంగా వర్ణిస్తారు. చమత్కారం నిజమే. కాని ఆ మొదటి టేక్ వింటే చట్టం, వ్యాపారం స్టూడియో లోపలే కూర్చుని రూపాన్ని నిర్ణయిస్తున్నాయని స్పష్టమవుతుంది. రూపం ఆర్థిక పునాదికి వట్టి ప్రతిబింబం కాదు, పునాదితో పెనుగులాడి సాధించుకున్న ఫలితం అనే సిద్ధాంతానికి ఇంతకన్న చెవికి వినిపించే ఉదాహరణ దొరకటం కష్టం.

అదే రోజు, అదే స్టూడియోలో, పార్కర్ "నౌస్ ది టైమ్" అనే పన్నెండు బార్ల బ్లూస్ కూడా రికార్డు చేశాడు. పందొమ్మిదేళ్ల మైల్స్ డేవిస్ అందులో ట్రంపెట్ వాయించాడు. దాని బాణీ ఎంత సరళమైనదంటే ఒకసారి విన్నవాడు ఈల వేయగలడు. 1949లో దాదాపు అదే బాణీ, సవాయ్ కంపెనీ లేబులు మీదనే, "ది హకుల్‌బక్" అనే పేరుతో పాల్ విలియమ్స్ వాయించగా విడుదలైంది. అది ఆ సంవత్సరం నల్లజాతి శ్రోతల పాటల పట్టికలో వారాల తరబడి మొదటి స్థానంలో నిలిచింది. అమెరికా అంతటా జనం దానికి నృత్యం చేశారు. కర్తగా దాని మీద వున్న పేరు మాత్రం పార్కర్‌ది కాదు.

బీబాప్ ప్రజలకు దూరమైన సంగీతం అనేవారు దీనికి సమాధానం చెప్పవలసి వుంటుంది. ఆ సరుకు ప్రజలకు పరాయిదైతే వారు దానికి ఎలా నాట్యమాడారు? ప్రజలు బాణీని గుర్తుపట్టారు. దానిని తయారుచేసినవాడి పేరును వారికి అందకుండా చేసింది మార్కెట్. పైగా నృత్యం తగ్గటానికి కళాకారుల పండిత గర్వమొక్కటే కారణం కాదు. 1944లో అమెరికా ప్రభుత్వం పాట, నృత్యం వుండే క్లబ్బుల మీద మొదట 30 శాతం, కొద్ది నెలలకే తగ్గించి 20 శాతం పన్ను వేసింది. వాద్యం మాత్రమే వుండే చోట్లకు ఆ పన్ను లేదు. యజమానులు నృత్యానికి చోటు తీసేసి, కుర్చీలు వేసి, చిన్న బృందాలను పెట్టుకోవటానికి ఇదొక ప్రోత్సాహమైంది. కళకూ ప్రజలకూ మధ్య గోడ లేచినప్పుడు, ఆ గోడకు ఇటుకలు మోసినవారెవరో కూడా విమర్శకుడు విచారించాలి.

రెండవ ఆరోపణ వ్యక్తివాదం. పార్కర్ ఒక్కడే ఆకాశంలో ఎగురుతుంటే మిగిలినవారు తాళం వేస్తారట. ఇలా వినటానికి చరిత్రలోనే ఒక విచిత్రమైన నిదర్శనం వున్నది. డీన్ బెనెడెట్టి అనే సాక్సఫోన్ వాదకుడు 1947, 1948లలో క్లబ్బులలో పార్కర్ వాద్యాన్ని రికార్డు చేశాడు. పార్కర్ వాయించినంతసేపూ యంత్రం నడిపి, ఇతరుల వంతు రాగానే చాలావరకు ఆపివేసేవాడు. ఆ రికార్డులు 1990లో మొజాయిక్ కంపెనీ ద్వారా వెలువడినాయి. అవి అమూల్యమైనవే. కాని వాటిని వింటే జవాబులు కత్తిరించిన సంభాషణ విన్నట్లుంటుంది. బీబాప్‌లో నిజమైన మార్పు డ్రమ్స్‌లోనే మొదలైందనవచ్చు. కెన్నీ క్లార్క్ తాళం నడిపే పనిని కాలితో కొట్టే పెద్ద డ్రమ్మునుంచి పైనున్న తాళపు పళ్లేనికి మార్చాడు. దానితో పెద్ద డ్రమ్ము అనుకోని చోట దెబ్బ వేసి ఎదుటివాడిని ప్రశ్నించే స్వేచ్ఛ పొందింది. నృత్యకారుల కాళ్లకు కొలత చూపే కూలివాడుగా వున్న డ్రమ్మరు చర్చలో భాగస్వామి అయినాడు. ఈ శ్రమ విభజనలోని మార్పే బీబాప్‌లోని అసలైన ప్రజాస్వామ్యం.

ఇంత చెప్పి బీబాప్‌ను ఆకాశానికెత్తటం నా ఉద్దేశం కాదు. ఆ ప్రజాస్వామ్యానికి హద్దులున్నాయి. కష్టమైన కార్డ్‌లు, విపరీతమైన వేగం తక్కువ శక్తిగలవారిని వేదిక దింపటానికి కూడా ఉపయోగపడినాయి. అది చేతివృత్తివారి సంఘంలో వుండే అహంకారం వంటిదే. మేరీ లూ విలియమ్స్ వంటి విదుషి ఇంట్లో మంక్, పవెల్, గిలెస్పీ చేరి చర్చించుకునేవారు. ఐనా ఆ తొలి రికార్డులలో వాద్యకారులుగా స్త్రీలు దాదాపు కనపడరు. మత్తుమందు ఎన్నో జీవితాలను బలితీసుకున్నది. పార్కర్ 1946 జులైలో శరీరం, మనసు అదుపులో లేని స్థితిలో వాయించిన "లవర్ మాన్"ను డయల్ కంపెనీ ఆయన ఇష్టానికి విరుద్ధంగా విడుదల చేసింది. ఆ పతనాన్నే ప్రతిభకు గుర్తుగా పూజించినవారు తరువాత చాలామంది వచ్చారు. 1955 మార్చి 12న ఆయన మరణించేనాటికి వయసు ముప్ఫయి నాలుగు. మనిషిని నమిలి వుమ్మే వ్యవస్థను వదిలిపెట్టి, నలిగిపోవటంలోనే సౌందర్యం చూడటం అభ్యుదయ విమర్శ చేయవలసిన పని కాదు.

ఈ కళాకారులను రాజకీయ వీరులుగా చిత్రించటం కూడా సరికాదు. గిలెస్పీ 1979లో వెలువడిన తన ఆత్మకథలో, ఒకప్పుడు తాను కమ్యూనిస్టు పార్టీ కార్డు మీద సంతకం చేశాననీ, పార్టీ నృత్యసభలలో వాయించే పని దొరకటమే దానికి కారణమనీ నిజాయితీగా చెప్పుకున్నాడు. 1956లో అమెరికా విదేశాంగ శాఖ ఆయన బృందాన్ని ఇరాన్, పాకిస్తాన్, టర్కీ, యుగోస్లావియా మొదలైన దేశాలకు పంపింది. సొంతగడ్డ మీద నల్లవారిని వేరుపెట్టిన ప్రభుత్వం విదేశాలలో వారి సంగీతాన్ని తన స్వేచ్ఛకు ప్రకటనగా వాడుకున్నది. ఏం మాట్లాడాలో నేర్పటానికి అధికారులు పిలిస్తే, జాతివివక్షకు తాను సంజాయిషీ చెప్పబోనని ఆయన వెళ్లలేదు. మనుషులు ఇలాంటి వైరుధ్యాలలోనే బతుకుతారు. వారి కళను తూచేటప్పుడు ఆ వైరుధ్యాలను కూడా త్రాసులో వేయాలి.

ఈ రికార్డుల ప్రభావం రెండు దారులలో సాగింది. మొదటి దారి అందరికీ తెలిసినది. జాన్ కోల్ట్రేన్ మొదట గిలెస్పీ బృందంలో పనిచేసినవాడు. మైల్స్ డేవిస్ ఆ వేగాన్ని తగ్గించి కొత్త దారులు తొక్కాడు. ఆర్ట్ బ్లేకీ, హొరేస్ సిల్వర్ 1950ల మధ్యలో ఈ పద్ధతిని మళ్లీ చర్చి పాటకూ బ్లూస్‌కూ దగ్గరచేశారు. 1978లో పార్కర్ వాద్యాన్ని స్వరలిపిలో అచ్చువేసిన "ఆమ్నీబుక్" వచ్చింది. ఈనాడు అనేక దేశాలలో జాజ్ విద్యార్థులు దానిని అభ్యాస గ్రంథంగా వాడుతున్నారు. "కోకో"ను అమెరికన్ జాతీయ గ్రంథాలయం 2002లో తన రక్షిత రికార్డుల మొదటి జాబితాలోనే చేర్చింది. ఒకనాటి సాహసం ఈనాటి పాఠ్యప్రణాళిక. ఇందులో గౌరవం ఎంత వున్నదో ప్రమాదమూ అంత వున్నది. పార్కర్ స్వరాలను తప్పులేకుండా వల్లించేవాడు, ఆయన ఏ గోడలకు వ్యతిరేకంగా ఆ స్వరాలను కనిపెట్టాడో తెలియకుండానే పట్టం పుచ్చుకోవచ్చు.

రెండవ దారి గురించి తక్కువగా చెబుతారు. 1952లో మాక్స్ రోచ్, బాస్ వాదకుడు చార్లెస్ మింగస్ కలిసి డెబ్యూ అనే సొంత రికార్డు కంపెనీ స్థాపించారు. మింగస్ భార్య సీలియా దాని పనిలో భాగస్వామి. 1953 మే 15న టొరాంటోలోని మాసీ హాలులో పార్కర్, గిలెస్పీ, పవెల్, మింగస్, రోచ్ కలిసి చేసిన కచేరీని ఆ కంపెనీయే విడుదల చేసింది. వేరొక కంపెనీతో ఒప్పందం వుండటం వల్ల పార్కర్ పేరును "చార్లీ చాన్" అని మార్చి వేయవలసి వచ్చింది. ఉత్పత్తి సాధనాన్ని చేతిలోకి తీసుకున్న రోజున కూడా సొంత పేరు సొంతం కాలేదు! డెబ్యూ కొద్ది సంవత్సరాలకే ఆగిపోయింది. కాని ఆ రోచే 1960లో అబీ లింకన్ గొంతుతో "వి ఇన్‌సిస్ట్!" అనే స్వాతంత్ర్య గీతమాలికను రికార్డు చేశాడు. నల్లవారికి ప్రవేశం లేని భోజనశాల బల్లల ముందు విద్యార్థులు చేసిన సత్యాగ్రహాన్ని తలపించే ఛాయాచిత్రం దాని అట్టమీద వున్నది. పదిహేనేళ్ల క్రితం "కోకో"లో మాటలు లేకుండా డ్రమ్స్ మీద పలికినవాడు ఇక్కడ మాటలతో, పౌరహక్కుల ఉద్యమంతో కలిసి పలికాడు. మొదటిది లేకుండా రెండవది వచ్చేది కాదు. వాదకుడు తన వాద్యం మీద అధికారం సంపాదించుకోకుండా దానితో ఏం చెప్పాలో తానే నిర్ణయించలేడు.

మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. ఒక కళ ఈనాడు ఎందరికి అర్థమైందన్న లెక్క ఒక్కటే దాని ప్రజాస్వభావాన్ని తేల్చదు. అది ఎవరి అనుభవంనుంచి పుట్టింది, ఎవరి శ్రమతో తయారైంది, ఆ శ్రమ ఫలితం ఎవరికి పోయింది, జనానికీ దానికీ మధ్య అడ్డం నిలిచినదేమిటి అనే ప్రశ్నలు కూడా అడగాలి. ఆ ప్రశ్నలు అడిగినప్పుడు బీబాప్ తొలి రికార్డులు నల్లజాతి శ్రామిక కళాకారుల సృష్టిగా, వారి లోపాలతో సహా, ప్రజల పక్షాన నిలబడతాయి. దుర్బోధతను మెచ్చుకోమని దీని అర్థం కాదు. దుర్బోధంగా తోచిన ప్రతిదానికీ క్షీణత అనే ముద్ర వేసే ముందు నాలుగుసార్లు వినమని మాత్రమే. మన విద్యార్థులకు కష్టమైన కావ్యాన్ని ఓపికతో విప్పి చెప్పటం మన వృత్తి. అదే ఓపికను ఈ మూడు నిమిషాల రికార్డుల మీద చూపినట్లయితే, అర్థం చేసుకునే శక్తి కూడా ప్రజలు సాధించుకోవలసిన హక్కులలో ఒకటి అని మనకూ వారికీ తెలిసివస్తుంది.